క్యారెట్‌ను సంక్రాంతికే అంతా తవ్వాలా, ఉగాది దాకా నేలలో ఉంచాలా?

ప్రశ్న

అచ్చంపేట వైపు ఒక ఊరి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతున్నాం.

పోయినేడు ఇంటి వెనక ఎర్ర చెలకలో పావు గుంట క్యారెట్ వేశారు. యాభై కిలోల దాకా వచ్చింది. సంక్రాంతి ముందు రోజు అత్తమ్మ చెప్పినట్టు ఒక్క పూటలో మొత్తం పీకి, బోరు దగ్గర కడిగి, ఆకు తీయకుండానే ఖాళీ యూరియా సంచుల్లో నింపి మూతి కట్టారు. అరటి గెల మగ్గేసిన గదిలోనే ఆ సంచులు పెట్టారు. నాలుగో రోజు చేయి పెట్టి చూస్తే లోపల వెచ్చగా ఉందట. వారానికి ఆకు కుళ్లి జిగటైంది. పది రోజులకు సగానికి పైగా బర్రెల కుడితిలో కలిపేయాల్సి వచ్చింది. మిగిలినవి చూడ్డానికి బాగానే ఉన్నా తింటే చేదు. అప్పటి నుంచి ఇంట్లో ఏది పాడైనా "క్యారెట్లను చూసినట్టే చూసినవా" అని అత్తమ్మ నలుగురి ముందు అంటున్నారట.

ఈ ఏడు ధైర్యం చేసి అర గుంట వేశారు. అక్టోబరు రెండో వారంలో విత్తారు, ప్యాకెట్ మీద రకం పేరు కురోడా అని ఉంది. ఎనిమిది రోజులకోసారి మడి నిండా నీళ్లు పెడుతున్నారు. ఇప్పుడు పంటకు 85 రోజులు. కొన్ని గడ్డల తలలు పచ్చబడ్డాయి, కొన్ని నిలువునా పగిలాయి. ఇల్లు ఊరి చివర ఉంది. ఈ మధ్యే అడవి పందులు పక్క పల్లి చేను తవ్విపోయాయి. అందుకని అత్తమ్మ "నేలల ఉంచితే పందులకు పెట్టినట్టే, పండుగ లోపలనే అంత తవ్వాలె" అంటున్నారు. హైదరాబాద్‌లో పనిచేస్తూ వారానికోసారి వచ్చే భర్త ఫోన్లో వీడియో చూపించి "నేలలనే ఉంచుదాం, ఉగాది దాక తాజాగ ఉంటయి" అంటున్నారు. ఫిబ్రవరి మొదటి వారంలో ఆడబిడ్డ పురిటికి వస్తోంది. ఆమెకు రోజూ క్యారెట్ పెట్టాలని అత్తమ్మ పట్టుదల. "ఎవరి మాట విన్నా చివరికి పాడైతే పేరు నాదే అయితది. ఎప్పుడు తవ్వాలె, ఎట్ల దాయాలె, అత్తమ్మకు ఏం చెప్పాలె?" అని అడిగారు.

సమాధానం

అమ్మా, ముందు పోయినేటి సంగతి తేల్చుకుందాం. అది మనసులో ముల్లులా ఉండగా ఈ ఏటి పని కుదురుగా సాగదు.

ఆ యాభై కిలోలు పాడవడానికి మీ అజాగ్రత్త కారణం కాదు. మీరు రాసిన దాంట్లోనే నాలుగు కారణాలు కనిపిస్తున్నాయి. తవ్విన తర్వాత కూడా క్యారెట్ గడ్డ బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూ వేడి పుట్టిస్తుంది. మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో ఆ వేడికి బయటికి దారి లేదు. నాలుగో రోజు మీ చేతికి తగిలింది ఆ వేడే. గడ్డలు కడిగి ఆరబెట్టకుండానే సంచికెక్కాయి కాబట్టి ఒంటి మీద నీటి పొర అలాగే ఉండిపోయింది. పీకేటప్పుడు, కడిగేటప్పుడు పడ్డ చిన్న చిన్న గీతల్లోంచి మెత్తకుళ్లు బ్యాక్టీరియా లోపలికి పోవడానికి ఆ తడీ ఆ వేడీ చాలు. ఇక ఆకు. తవ్విన తర్వాత ఆకును ఉంచితే అది గడ్డలోని నీళ్లను లాగి గాలిలోకి వదులుతూనే ఉంటుంది, గడ్డ వడలిపోతుంది. పైగా గాలాడని చోట ముందు కుళ్లేది ఆకే, ఆ కుళ్లు కాడల్లోంచి గడ్డ తలకు దిగుతుంది. చేదుకు కారణం అరటి గెల. మగ్గే పండ్లు ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. అది తగిలితే క్యారెట్‌లో చేదు పదార్థం తయారవుతుంది. పైకి ఏ మచ్చా కనపడదు, వండినా ఆ చేదు పూర్తిగా పోదు. అరటి ఒక్కటే కాదు, జామ, బొప్పాయి, పండిన టమాటా, ఆపిల్ పక్కన కూడా క్యారెట్ పెట్టకూడదు.

ఇందులో ఏ ఒక్కటీ ఒక్క మనిషి చేసింది కాదు. తవ్వడం, కడగడం, సంచికెత్తడం ఇంటిల్లిపాదీ కలిసి చేశారు. ఎందుకు పాడైందో అప్పుడు ఎవరికీ తెలియదు, అందుకే నింద మీ మీద పడింది. ఒక మాట మాత్రం ఖాయంగా గుర్తుంచుకోండి. యూరియా సంచులు తినే వస్తువులకు పనికిరావు, ఎన్నిసార్లు కడిగినా సరే.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్న వాదన. అత్తమ్మ చెప్పిందీ మీవారు చెప్పిందీ చెరి సగం నిజం.

మీవారు చూసిన వీడియో చలి దేశాలదై ఉంటుంది. అక్కడ శీతాకాలంలో నేల దాదాపు గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది. మడి మీద మందంగా గడ్డి కప్పి, గడ్డలను నెలల తరబడి నేలలోనే వదిలేస్తారు, ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి అవి అలాగే ఉంటాయి. పాలమూరు నేలలో ఆ చల్లదనం రాదు. జనవరిలో కూడా క్యారెట్ పెరుగుతూనే ఉంటుంది. పక్వానికి వచ్చాక ఇంకో రెండు మూడు వారాలు నేలలో ఉంచితే నష్టం లేదు. ఫిబ్రవరి రెండో వారం దాటి మధ్యాహ్నపు ఎండ 33, 34 డిగ్రీలకు చేరితే నడిమి బెండు గట్టిపడుతుంది, తీపి తగ్గి ఘాటు వాసన వస్తుంది, ముదురు గడ్డలు పగులుతాయి. ఉగాది దాకా ఉంచితే మీ చేతికొచ్చేది కూరకు పనికిరాని కట్టె. ఏ మొక్కకైనా పూతకాడ కనిపిస్తే దాన్ని ఆ రోజే పీకేయండి, ఆ గడ్డ ఇక మెత్తబడదు.

అత్తమ్మ పందుల భయం మాత్రం ఉత్తది కాదు. నల్లమల అంచు ఊళ్లలో గడ్డ పంట వేసిన వాళ్లకు అది తెలిసిన బాధే. ఒక్క రాత్రి చాలు, అర గుంట మిగలదు. ఆమె తొందర వెనక ఇంకొకటి కూడా ఉంది. బిడ్డ పురిటికి వచ్చేసరికి పంట చేతిలో లేకుండా పోతుందేమోనని ఆమె దిగులు. కానీ పండుగకే అంతా తవ్వేస్తే ఆ బిడ్డ వచ్చేసరికే గడ్డలకు మూడు వారాల వయసు వస్తుంది. ఆమె కోరికకు ఆమె చెప్పిన పద్ధతే అడ్డు అవుతోంది. ఈ ముడి విప్పితే వాదన సగం తగ్గుతుంది.

ఏ దారి పట్టినా ఈ వారంలో మడిలో చేయాల్సిన పనులు రెండున్నాయి. గడ్డ తల మట్టిపైకి తేలి ఎండ తగిలితే పచ్చబడుతుంది. విషమేమీ కాదు, కానీ ఆ భాగం కాస్త చేదుగా ఉంటుంది, కోసి పారేస్తే సరి. మిగిలినవాటికి సాలు పొడుగునా అంగుళం మందాన మట్టి ఎగదోయండి. పగుళ్లకు కారణం మీ నీళ్ల పద్ధతే. ఎనిమిది రోజులు ఎండగట్టి ఒక్కసారిగా మడి నింపితే గడ్డ లోపలి భాగం ఉబ్బుతుంది, పైతోలు అంత సాగలేక నిలువునా చీలుతుంది. ఎర్ర చెలక నీళ్లను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. కాబట్టి నాలుగైదు రోజులకోసారి, సగం నీళ్లే పెట్టండి. ఇక మీద యూరియా వేయకండి. నత్రజని ఎక్కువైతే ఆకు బలిసి గడ్డ పగులుతుంది, దాచినా నిలవదు.

గడ్డ తయారైందో లేదో ఆకు చూసి చెప్పలేం. నాలుగైదు చోట్ల మొక్క మొదట్లో వేలితో మట్టి పక్కకు తీసి గడ్డ భుజం చూడండి. అడ్డంగా అంగుళం నుంచి అంగుళంన్నర ఉంటే తవ్వొచ్చు. కురోడా సాధారణంగా 90 నుంచి 100 రోజులకు ఆ దశకు వస్తుంది కాబట్టి, మీ లెక్క ప్రకారం సంక్రాంతి నాటికి చాలావరకు తయారవుతాయి. అన్నీ ఒక్కసారే తయారు కావు. ఒత్తుగా మొలిచిన చోట సన్నగా ఉంటాయి, పలచగా ఉన్న చోట ముందే లావెక్కుతాయి.

ఇప్పుడు దారులు చూద్దాం. పోయినేడు పావు గుంటకు యాభై కిలోలు వచ్చిందంటే, ఈసారి అర గుంటకు వంద కిలోలు అనుకోవాలి.

అత్తమ్మ అన్నట్టు పండుగ లోపలే అంతా తవ్వితే పందుల భయం ఆ రోజుతో తీరుతుంది, మడి ఖాళీ అయి నువ్వులకో ఆకుకూరకో పనికొస్తుంది. కానీ వంద కిలోలకు ఆ సాయంత్రానికే చోటు కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో కింది కూరగాయల డబ్బా, ఒక అర కలిపితే పది కిలోలు పట్టడమే గగనం. అయిదుగురు ఎంత తిన్నా వారానికి నాలుగు కిలోలు దాటవు. అంటే సగానికి పైగా వారం లోపల అంగడికి పంపాలి, లేదా చుట్టాలకు పంచాలి. అమ్మే ఉద్దేశం నిజంగా ఉంటే ఈ దారి మంచిదే. అలాంటప్పుడు కడిగి, గుప్పెడు ఆకుతో కట్టలు కట్టి తెల్లవారుజామునే పంపండి. ఆకుతో ఉన్న కట్ట ఆ ఒక్క రోజే కళగా ఉంటుంది.

మీవారి మాట ప్రకారం అంతా నేలలో ఉంచి ఎప్పటికప్పుడు పీక్కుంటే ఫిబ్రవరి పది దాకా బాగుంటుంది. దాచే బాధ లేదు, రుచికి దీన్ని మించింది లేదు. కానీ కాపలా కావాలి, నీళ్లు తప్పకూడదు, ఫిబ్రవరి పది నాటికి మిగిలినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మీవారు వారానికి ఒక్క రోజే ఇంట్లో ఉంటారు కాబట్టి ఆ కాపలా, ఆ నీళ్లు మీ మీదే పడతాయి. ఈ సంగతి ఆయనతో తేల్చుకున్నాకే ఈ దారికి ఒప్పుకోండి.

మూడో దారి విడతలుగా తవ్వడం. పండుగకు ముందు పొలం వైపున్న సాళ్లు తీస్తారు, పందులు ముందు పడేది వాటి మీదే. పగిలినవి, తల పచ్చబడ్డవి, బాగా లావెక్కినవి కూడా ఈ విడతలోనే పోతాయి. ఇవి ముప్పై, ముప్పై అయిదు కిలోలు అనుకుంటే పండుగ వంటలకు, చుట్టాలకు, కొంత అంగడికి సరిపోతాయి. జనవరి ఆఖరి వారంలో మంచి సాళ్లు తవ్వి, నునుపైన గడ్డలు ఏరి దాస్తారు, ఇవి ఆడబిడ్డ కోసం. మిగిలింది ఫిబ్రవరి పది లోపల తీసి ఎండబెట్టడానికో పచ్చడికో వాడతారు. దీనికి ఖర్చయ్యేది మీ ఓపిక, మూడు సార్లు తవ్వాలి. పందుల ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మడి చుట్టూ రెండు వరసల్లో, నేలకు జానెడు ఎత్తున ఒకటి, నడుము ఎత్తున ఒకటి పాత చీరలు కట్టండి, ఈ చిన్న మడికి అది కొంత కాపు. కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. అది చట్టం ఒప్పుకోని పని. చీకట్లో మీ ఇంటి మనిషే దాని మీద కాలు పెట్టొచ్చు.

మీ ఇంటి పరిస్థితికి మూడోదే ఎక్కువ పొసుగుతుందని నా అభిప్రాయం. అయితే పందులు మీ దొడ్డి దాకా వచ్చిన జాడ, అడుగులు గానీ తవ్విన గుంత గానీ కనిపిస్తే ఇక ఆలోచించకుండా మొదటి దారే పట్టండి. పందులు తవ్విపోయాక ఏ లెక్కా పనికిరాదు.

తవ్వడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిల్వ సగం అక్కడే తేలిపోతుంది. ఎండిన చెలక రాయిలా బిగుసుకుంటుంది. ఆకు పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలో విరుగుతుంది. విరిగిన గడ్డ దాచడానికి పనికిరాదు. అందుకని తవ్వే ముందు రోజు సాయంత్రం పలచగా నీళ్లు పెట్టండి. తెల్లవారి మట్టి వేళ్లకు అంటీ అంటనట్టు ఉండాలి, బురద కాకూడదు. సాలుకు జానెడు దూరంలో గడ్డపార నిలువుగా దింపి వెనక్కి వంచితే మట్టి పైకి లేస్తుంది. అప్పుడు ఆకు మొదట్లో, గడ్డ తలకు ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. పార గడ్డకు తగిలితే ఆ గాటు ఎంత చిన్నదైనా ఆ గడ్డను వేరే పెట్టి ఆ వారమే వండుకోండి.

ఎండెక్కక ముందే పని ముగియాలి. తవ్విన గడ్డలు గంట సేపు ఎండలో పడి ఉంటే తోలు ముడత పడడం మొదలవుతుంది. గంపలోకి వేసిన వెంటనే తడి గోనె కప్పండి. నీడకు చేరాక ఆకును పదునైన కత్తితో కోయండి, అర అంగుళం కాడ వదిలేయండి. మరీ లోతుగా కోస్తే గడ్డ భుజం తెగి కుళ్లుకు తలుపు తెరిచినట్టవుతుంది. అడుగున సన్నటి తోక ఉంటుంది కదా, దాన్ని కూడా తుంచకండి. లేత ఆకును పారేయకండి, కొత్తిమీరలా సన్నగా తరిగి పప్పులోనో పచ్చడిలోనో వాడుకోవచ్చు.

ఏరేటప్పుడు మూడు కుప్పలు పెట్టండి. నునుపుగా నిటారుగా ఉన్నవి దాచడానికి. పగిలినవి, గాటు పడ్డవి, మరీ సన్నవి ముందు తినడానికి. రెండు మూడు కాళ్లుగా చీలినవి కూడా తినడానికే, రుచిలో తేడా ఉండదు. కాకపోతే సందుల్లో మట్టి, తడి ఇరుక్కుంటాయి కాబట్టి నిలవకు వద్దు. గడ్డ చీలడానికి నేలలో మొరం రాళ్లు, మాగని పేడ కారణం. సన్న వేళ్ల మీద పూసల్లా ముడులు కనిపిస్తే అది నులిపురుగు. వచ్చే ఏడు ఆ సాళ్లలో క్యారెట్ గానీ టమాటా, వంకాయ, బెండ గానీ వేయకండి, బంతి వేయండి.

ఇక దాచడం. క్యారెట్ కోరేది చల్లదనం, చుట్టూ తేమగా ఉండే గాలి. తన ఒంటి మీద మాత్రం నీళ్లు నిలవకూడదు. సున్నా డిగ్రీల దగ్గర, నూటికి 95 పాళ్ల తేమ ఉన్న శీతల గిడ్డంగిలో అది నెలల తరబడి ఉంటుంది. ఇంట్లో అంత కుదరదు గానీ, కుదిరినంతలో ఆ రెండూ ఇవ్వాలి.

ఆడబిడ్డ కోసం దాచేవి ఫ్రిజ్‌లోనే పెట్టండి. కడగకండి. చెలక మట్టి ఆరితే దానంతట అదే రాలుతుంది, చేత్తో మెల్లగా తుడిస్తే చాలు. కడగక తప్పకపోతే నీడలో గుడ్డ మీద పరిచి, తాకితే తడి తగలనంత వరకు ఆరబెట్టాలి. పాలిథిన్ కవరుకు పెన్సిల్ మొన పట్టేంత రంధ్రాలు ఏడెనిమిది పొడిచి, లోపల పొడి నూలు గుడ్డ పరిచి రెండేసి కిలోలు నింపి అట్టడుగు డబ్బాలో పెట్టండి. కవరు లేకుండా ఊరికే పెడితే ఫ్రిజ్ గాలికి వారంలో తోటకూర కాడల్లా వేలాడతాయి. వారానికోసారి కవరు విప్పి, గుడ్డ తడిస్తే మార్చి, మెత్తబడ్డది ఒక్కటున్నా తీసేయండి. ఇలా అయిదారు వారాలు నిలుస్తాయి. జనవరి ఆఖరున పెట్టినవి మార్చి మొదటి వారం దాకా వస్తాయన్నమాట. కాస్త వడలినవాటిని రెండు మూడు గంటలు చల్లటి నీళ్లలో వేస్తే మళ్లీ గట్టిపడతాయి. మెత్తబడి జిగటైనవి మాత్రం బాగుపడవు, పారేయాలి.

ఫ్రిజ్‌లో పట్టనివాటికి ఇసుక ఉంది. పాత గోలెం గానీ చెక్క పెట్టె గానీ తీసుకోండి. వాగు ఇసుక జల్లించి, నీళ్లు చల్లి కలపండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందున నీటి చుక్క రాకూడదు. ఈ కొలత దగ్గరే చాలామందికి పని చెడుతుంది. పొడి ఇసుక గడ్డలోని నీళ్లను పీల్చేస్తుంది, నీళ్లోడే ఇసుక గడ్డను కుళ్లబెడుతుంది. అడుగున రెండంగుళాల ఇసుక, దాని మీద ఒకదానికొకటి తగలకుండా గడ్డలు, మళ్లీ అంగుళం ఇసుక, ఇలా పేర్చుకుంటూ పోయి పైన నాలుగంగుళాలు కప్పండి. ఒకటి కుళ్లినా పక్కదానికి అంటకూడదు, గడ్డలు తగలకుండా పేర్చేది అందుకే. ఇంట్లో ఎండ తగలని మూల, నేల మీద పెట్టండి. రేకుల కింద వద్దు. జనవరి చలిలో రెండు నుంచి మూడు వారాలు ఆగుతాయి. ఫిబ్రవరి సగం దాటాక తెల్లటి పీచు వేళ్లు, తల మీద లేత ఆకులు మొలుస్తాయి, ఇక అక్కణ్ణుంచి గడ్డ బెండవుతుంది. కాబట్టి ఇసుకలో ఉన్నవి ముందు, ఫ్రిజ్‌లోవి తర్వాత వాడుకోండి.

ఏటా క్యారెట్, టమాటా, బీట్‌రూట్ వేసే ఉద్దేశం ఉంటే ఇటుకల చల్లగది కట్టుకోవచ్చు. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి అది, కరెంటు అక్కర్లేదు. అయిదున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల లోపు వెడల్పు, రెండుంబావు అడుగుల ఎత్తున రెండు వరసల ఇటుక గోడ, గోడల మధ్య మూడంగుళాల సందు, సందు నిండా ఇసుక. ఇటుకలు నాలుగు వందలకు పైనే పడతాయి. పైన గోనె లేదా గడ్డి తడిక మూత, దాని మీద నీడకు పందిరి. పొద్దునా సాయంత్రం ఇసుకను తడపాలి. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి లోపల బయటి కంటే పది డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. అయినా ఎండలు ముదిరాక దీంట్లో క్యారెట్ ఉండేది పది, పన్నెండు రోజులే. ఉగాది దాకా దాచడానికి కాదు గానీ వారం వారం అంగడికి పంపేవాళ్లకు బాగా అక్కరకొస్తుంది.

ఫిబ్రవరి విడత గడ్డల్ని ఎండబెట్టొచ్చు. చెక్కు తీసి, పావు అంగుళం కంటే పలచటి చక్రాలు కోసి, మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ముంచి, చల్లటి నీళ్లలో వేసి వడకట్టి, పలచటి గుడ్డ కప్పి ఆరబెట్టండి. నేరుగా ఎండ తగిలితే రంగు, దాంతో పాటు విటమిన్ ఎ కూడా పోతాయి. గాలాడే నీడలో ఎండితే మేలు. విరిస్తే టక్కున విరగాలి. పది కిలోలకు సుమారు కిలో మిగులుతుంది. గాజు సీసాలో పెడితే ఉప్మాకు, సాంబారుకు నెలల తరబడి వస్తుంది. డీప్ ఫ్రీజర్ ఉంటే ముక్కల్ని రెండు నిమిషాలు అలాగే ముంచి తీసి, తడి లేకుండా ఆర్చి గడ్డకట్టించొచ్చు. ఆవ పచ్చడి పెడితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మామిడికాయను దాని పులుపే కాపాడుతుంది, క్యారెట్‌లో పులుపు లేదు. కిలో ముక్కలకు ఏడెనిమిది నిమ్మకాయల రసం పడాలి, ముక్కలు ఒక పూట ఆరాలి, పచ్చడిని ఫ్రిజ్‌లో ఉంచి రెండు నెలల్లో ముగించాలి. ఉడికించిన ముక్కల్ని నీళ్లతో సీసాలో పోసి బిగించి బయట దాచే పద్ధతి కొందరు చూపిస్తుంటారు. దాని జోలికి పోకండి. పులుపు లేని కూరగాయలో, గాలి చొరని సీసాలో ప్రాణం తీసే బొటులిజం విషం పుట్టొచ్చు, వాసన చూసి దాన్ని పట్టుకోలేం.

అత్తమ్మతో ఎలా మాట్లాడాలో మీకే బాగా తెలుస్తుంది. నాకు తోచింది చెబుతాను. పోయినేడు ఎవరిది తప్పు అన్న మాట ఎత్తితే ఈ మూడు విడతల సంగతి ఆమె చెవికెక్కదు. "అత్తమ్మా, వదినె వచ్చేనాటికి గడ్డలు తాజాగ ఉండాలంటే ఆమె సాళ్లు వారం ముందు తవ్వుదాం, పొలం దిక్కువి మీరన్నట్టే పండుగకు తీద్దాం" అని మొదలుపెట్టొచ్చు. ఇందులో ఆమె మాట నిలుస్తుంది, మీ లెక్కా నిలుస్తుంది. ఏ సాళ్లు ఎవరికో ఆమెనే చూపించమనండి. అలా కాకుండా మీవారి చేత చెప్పిస్తే మాట తొందరగా చెల్లుతుంది కానీ, ఆదివారం ఆయన బస్సెక్కాక దాని బరువు మీ మీదే ఉంటుంది. నలుగురి ముందు అనే మాట మాత్రం మీరు మింగుతూ పోనక్కర్లేదు. ఇద్దరే ఉన్నప్పుడు, పని మధ్యలో, "ఆ మాట అందరి ముందు అంటే నాకు కష్టమనిపిస్తది" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. వెంటనే మారకపోవచ్చు. చెప్పకపోతే మాత్రం మీకు నొప్పి కలుగుతోందని ఆమెకు తెలిసే దారే లేదు.

ఆడబిడ్డ తిండి గురించి ఒక మాట. క్యారెట్ రక్తం పట్టిస్తుందని చాలా ఇళ్లలో నమ్మకం. అది ఇచ్చేది ముఖ్యంగా విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే కెరోటిన్, ఇనుము అందులో చాలా తక్కువ. రోజుకొకటి తింటే మంచిదే. రక్తానికి మునగాకు, తోటకూర, పప్పులు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు తప్పకూడదు. క్యారెట్‌ను చుక్క నూనెతోనో నెయ్యితోనో వండితే ఆ కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది.

వచ్చే ఏటికి ఈ గొడవంతా తగ్గే ఉపాయం విత్తడంలోనే ఉంది. అర గుంటకు పాతిక, ముప్పై గ్రాముల విత్తనం సరిపోతుంది. దాన్ని మూడు భాగాలు చేసి సెప్టెంబరు ఆఖరున ఒకటి, అక్టోబరు మూడో వారంలో ఒకటి, నవంబరు రెండో వారంలో ఒకటి వేయండి. అప్పుడు డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా లేత గడ్డలు విడతలుగా చేతికొస్తాయి, ఒక్కసారిగా వంద కిలోలు మీద పడవు. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో పైమట్టి పెచ్చు కట్టకుండా తడి గోనె కప్పి, మొలక తల ఎత్తగానే సాయంత్రం పూట తీసేయండి. మొలిచిన మూడు వారాలకు రెండంగుళాలకు ఒకటి ఉండేట్టు పలచన చేయండి. నవంబరు సగం దాటాక మాత్రం విత్తకండి, గడ్డ ఊరే వేళకు మన ఎండలు వచ్చేస్తాయి.